ఇంటిల్లిపాది ఆరోగ్యం: పిల్లి చర్మం కింద బియ్యపు గింజ



ఈ నెల ఉత్తరాల కట్టలో ఒకటి తక్కినవాటి కంటె వేరుగా ఉంది. పశ్చిమ గోదావరి జిల్లా నుండి ఒక తల్లి వ్రాశారు. ఆమె కుమార్తె ఇంగ్లాండులో నర్సుగా పని చేస్తోంది. మనవరాలు అక్కడ ఒక పిల్లిని పెంచుకుంటోంది. "పిల్లి ఒంట్లో మైక్రోచిప్ అనేదేదో పెట్టించాలట, పెట్టించకపోతే జరిమానా వేస్తారట. దాని వలన పిల్లికి క్యాన్సర్ వస్తుందని ఎవరో అమ్మాయితో అన్నారు. మనవరాలు ఆ పిల్లిని పక్కలో వేసుకుని పడుకుంటుంది, దానికేమైనా అవుతుందేమోనని నాకు దిగులు. ఇంతకూ ఇది ప్రకటన గ్రంథంలో చెప్పిన ముద్ర లాంటిది కాదు గదా?" అని అడిగారు. మన సంఘాలలో ఎన్నో కుటుంబాల పిల్లలు ఇప్పుడు విదేశాలలో ఉన్నారు. ఈ ప్రశ్న ఆమె ఒక్కరిదే కాదు గనుక ఈ నెల పుట అంతా దీనికే కేటాయిస్తున్నాను.

ముందు ఆ వస్తువేమిటో చూద్దాం. మన ఊళ్ళలో ఆవులకు, గేదెలకు చెవికి పసుపుపచ్చ బిళ్ళ వేస్తున్నారు, మీరు చూసే ఉంటారు. దాని మీద 12 అంకెల సంఖ్య ఉంటుంది. 2019లో గాలికుంటు వ్యాధి నివారణకు దేశమంతటా పథకం పెట్టినప్పటి నుండి ఈ బిళ్ళలు బాగా పెరిగాయి. ఏ గేదెకు ఎప్పుడు టీకా పడిందో ఆ సంఖ్య కింద వ్రాసి ఉంచుతారు. మైక్రోచిప్ కూడా అటువంటి బిళ్ళే గాని, చెవికి కాక చర్మం లోపల ఉంటుంది. దాని సంఖ్య 15 అంకెలు. పొడవు సుమారు 12 మిల్లీమీటర్లు, మందం 2 మిల్లీమీటర్లు, అంటే పొడుగు రకం బియ్యపు గింజ కంటె కాస్త పెద్దది. పైన గాజు గొట్టం, లోపల సన్నని రాగి తీగ చుట్ట, సంఖ్యను దాచుకున్న చిన్న ముక్క, అంతే. మెడ వెనుక, రెండు భుజపు ఎముకల నడుమ వదులుగా ఉండే చర్మం కిందకు సూదితో దానిని పంపుతారు.

అందులో బ్యాటరీ లేదు. పిల్లి ఎక్కడ తిరుగుతోందో అది చెప్పదు, ఎవరికీ కబురు పంపదు. చాలామంది ఇక్కడే పొరబడుతున్నారు. డాక్టరు చేతిలో స్కానర్ అని ఒక పనిముట్టు ఉంటుంది. దానిని పిల్లి వీపు మీద నాలుగైదు అంగుళాల దూరంలో ఆడించినప్పుడు, ఆ స్కానర్ ఇచ్చే శక్తితో చిప్ ఒక్క క్షణం మేల్కొని తన సంఖ్యను చెబుతుంది. మళ్ళీ నిద్రపోతుంది. యజమాని పేరు గాని, ఇంటి చిరునామా గాని, ఫోన్ నంబరు గాని చిప్‌లో ఉండవు. అవి వేరే చోట, ఒక కంప్యూటర్ రిజిస్టరులో, ఆ సంఖ్యకు ఎదురుగా వ్రాసి ఉంటాయి. ఈ సంగతి గుర్తుంచుకోండి, ముందు ముందు అసలు విషయమంతా దీని మీదే ఆధారపడి ఉంది.

పక్కలో పడుకునే పాప గూర్చి అడిగారు గనుక ఆ మాట ఇక్కడే చెబుతాను. స్కానర్ వాడే తరంగాలు 134.2 కిలోహెర్ట్జ్. రేడియోలో మీడియం వేవ్ విజయవాడ కేంద్రం 837 కిలోహెర్ట్జ్ అని పెద్దవారికి గుర్తుండే ఉంటుంది. ఇది దానికంటె తక్కువ స్థాయి తరంగం, అది కూడా స్కానర్ దగ్గర పెట్టినంతసేపే. రాత్రంతా పాప పక్కన ఉన్న చిప్ నుండి ఏమీ రాదు. ఆ పాప నిమిత్తం దిగులు పడవలసినవి వేరే ఉన్నాయి. పిల్లికి కడుపులో పురుగులకు మందు వేళకు వేయిస్తున్నారా? ఒంటి మీద పురుగులు లేకుండా చూస్తున్నారా? ఇంట్లో గర్భిణి ఎవరైనా ఉంటే పిల్లి మలం ఎత్తి శుభ్రం చేసే పని మరొకరు చేస్తున్నారా? తల్లిగా మీ అమ్మాయిని ఈ మూడూ అడగండి.

ముద్ర గూర్చి కూడా ఒక మాట. ప్రకటన గ్రంథము 13వ అధ్యాయము మనుష్యుల కుడిచేతిని, నొసటిని, వారి క్రయవిక్రయములను గూర్చి మాట్లాడుతుంది. ఇది పిల్లి మెడ వెనుక ఉండే సంఖ్య, తప్పిపోతే ఎవరికి ఫోన్ చేయాలో తెలుసుకునేందుకు ఉన్నది. గేదె చెవి బిళ్ళకు భయపడని మనం దీనికి భయపడనక్కర లేదు. మిగిలినది మీ పాస్టరు గారితో మాట్లాడుకోండి, ఈ పుట ఆరోగ్యం కొరకు ఉన్నది.

ఇక జరిమానా మాట నిజమే. ఇంగ్లాండులో కుక్కలకు 2016 ఏప్రిల్ 6 నుండి, పిల్లులకు 2024 జూన్ 10 నుండి మైక్రోచిప్ తప్పనిసరి చేశారు. పిల్లికి 20 వారాలు, అనగా సుమారు అయిదు నెలలు నిండేలోగా పెట్టించాలి. పెట్టించలేదని తెలిస్తే 21 రోజుల గడువిస్తారు. అప్పటికీ పెట్టించకపోతే 500 పౌన్ల వరకు జరిమానా. మన రూపాయలలో అది యాభై వేలు దాటుతుంది. చిప్ పెట్టించడానికి అయ్యే ఖర్చు మామూలుగా పది నుండి ముప్పై పౌన్లు. ఈ చట్టం ఇంగ్లాండుకు మాత్రమే చేసినది. స్కాట్లండులో గాని వేల్సులో గాని ఉన్నవారు అక్కడి నియమం అక్కడే విచారించుకోవాలి.

ఆ చట్టంలో రెండు మినహాయింపులున్నాయి. మనుష్యుల చేతికి చిక్కక పొలాల్లో, పాకల్లో తమంతట తాము బ్రతికే పిల్లులకు ఇది వర్తించదు. రెండవది మీ అమ్మాయికి పనికి వచ్చేది. ఫలానా పిల్లి ఆరోగ్యం దృష్ట్యా చిప్ పెట్టకూడదని పశువైద్యుడు వ్రాసి ఇస్తే, ఆ పత్రం చెల్లినంత కాలం ఆ పిల్లిని బలవంతం చేయరు. పిల్లి బాగా నీరసించి ఉన్నా, రక్తం గడ్డకట్టని జబ్బు వంటిది ఉన్నా డాక్టరుతో ముందుగా మాట్లాడాలి. తీర్పు డాక్టరుదే గాని పక్కింటివారిది కాదు.

ఇప్పుడు అసలు భయం దగ్గరకు వద్దాం.

సూది నొప్పి ఉంటుంది. టీకా సూది కంటె ఇది లావుగా ఉంటుంది, దాచవలసిన పని లేదు. చాలా పిల్లులు ఒక్కసారి ముడుచుకుని ఊరుకుంటాయి. పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్‌కు మత్తు ఇచ్చినప్పుడే చిప్ కూడా పెట్టిస్తే ఆ నొప్పి కూడా తెలియదు. తర్వాత ఒకటి రెండు రోజులు ఆ చోట కాస్త వాపు, నొక్కితే నొప్పి ఉండవచ్చు. కొన్నిటికి అక్కడ బొచ్చు ఊడుతుంది, అరుదుగా చీము పడుతుంది.

బ్రిటన్‌లో చిన్న జంతువుల వైద్యుల సంఘం వారు 1996 నుండి ఇటువంటి ఇబ్బందులన్నిటినీ ఒక పుస్తకంలో నమోదు చేస్తూ వచ్చారు. నలభై లక్షలకు పైగా జంతువులకు చిప్ పెట్టిన కాలంలో వారికి అందిన ఫిర్యాదులు 391. అంటే సుమారు పదివేలకు ఒకటి. అందులో అన్నిటికంటె ఎక్కువ వచ్చినది చిప్ పెట్టిన చోటు నుండి జరిగిపోవడం. చర్మం కిందనే జారి భుజానికో, ఛాతీ పక్కకో చేరుతుంది. అది జబ్బు కాదు, గాని స్కానర్ పట్టినవాడు మెడ మీద మాత్రమే ఆడించి "లేదు" అని వదిలేస్తే చిప్ ఉండీ లేనట్టే. చిప్ పని చేయకపోవడం, బొచ్చు ఊడడం, చీము, వాపు, కణితి, ఇవన్నీ దానికంటె తక్కువ. నా మట్టుకు ఆ 391 అనే లెక్కను నేను పూర్తిగా నమ్మను. డాక్టర్లు తమంతట తాము వ్రాసి పంపినవి మాత్రమే అందులో ఉన్నాయి. చిన్న వాపుకు ఎవరు ఉత్తరం వ్రాస్తారు? నిజమైన సంఖ్య ఇంకా ఎక్కువే ఉంటుంది. అయితే పదింతలు అనుకున్నా వెయ్యికి ఒకటి అవుతుంది, అందులోనూ ఎక్కువ భాగం ప్రాణం మీదికి రానివే.

ప్రాణం మీదికి వచ్చేవి కూడా ఉన్నాయి. చేయి తిరగనివారు పెనుగులాడే పిల్లి మీద సూదిని లోతుగా దించితే చిప్ వెన్నెముక లోనికి వెళ్ళి కాళ్ళు పడిపోయే ప్రమాదముంది. అటువంటి పిల్లి ఒకదాని సంగతి 2007లో పశువైద్య పత్రికలో వచ్చింది. ఇది చిప్ దోషం కాదు, చేతి దోషం. కనుక మీ అమ్మాయికి నేను చెప్పేది: మూడు నాలుగు పౌన్లు తక్కువ అని సంతలోనో ప్రచార శిబిరంలోనో ముక్కూమొగం తెలియనివారి చేత పెట్టించవద్దు. పశువైద్యుడు గాని, ఆయన దగ్గర శిక్షణ పొందిన నర్సు గాని పెట్టాలి. పిల్లిని ఒకరు గట్టిగా పట్టుకోవాలి. పిల్లి బెదిరి రక్కుతుంటే ఆ రోజుకు మానుకుని ఇంకొక రోజు వెళ్ళడంలో నష్టం లేదు.

క్యాన్సర్ మాట ఎక్కడి నుండి వచ్చింది? గాలిలో నుండి రాలేదు. పరిశోధన శాలలలో ఎలుకలను గుర్తుపట్టడానికి ఇదే చిప్‌లు పెడతారు. 1990ల నుండి 2006 వరకు వచ్చిన కొన్ని పరిశోధనలలో, చిప్ చుట్టూ కణితులు లేచిన ఎలుకలు కనబడ్డాయి. ఒక చోట నూటికి ఒకటి కంటె తక్కువ, మరొక చోట నూటికి పది వరకు. 2007లో అమెరికాలోని ఒక పెద్ద వార్తా సంస్థ ఈ సంగతిని బయటపెట్టినప్పుడు చాలా గొడవ జరిగింది. అప్పట్లో మనుష్యులకు కూడా చేతిలో పెట్టే చిప్ ఒకటి అమెరికాలో 2004 నుండి అనుమతి పొంది ఉంది. 2010లో దాని అమ్మకం ఆగిపోయింది. మీ అమ్మాయి చెవిన పడిన మాటకు వేరు బహుశా అక్కడ ఉంది.

అయితే పరిశోధన శాల ఎలుక వేరు, ఇంటి పిల్లి వేరు. ఆ ఎలుకలు తరతరాలుగా ఒకే రక్తంలో కలుపుతూ పెంచినవి. కొన్నిటిని కణితులు త్వరగా వచ్చేటట్టే తయారు చేస్తారు. చర్మం కింద ఏ నున్నని వస్తువు ఉంచినా, అది గాజయినా ప్లాస్టిక్కయినా, దాని చుట్టూ కణితి లేచే గుణం ఎలుక జాతికి ఎక్కువ. లక్షలాది కుక్కలు, పిల్లులు చిప్‌తో సంవత్సరాల తరబడి బ్రతికినా వాటిలో అటువంటి వరుస కనబడలేదు. పిల్లులలో చిప్ పక్కన చెడ్డ కణితి వచ్చిన సంగతులు 2008లో ఒకటి, 2011లో ఒకటి పశువైద్య పత్రికలలో వచ్చాయి. 2008 నాటి పిల్లికి అదే చోట టీకాలు కూడా వేసి ఉన్నారు గనుక దోషం చిప్‌దా టీకాదా అని తేల్చి చెప్పలేకపోయారు.

ఆ టీకా మాట వినగానే కొందరు ఉలిక్కిపడి ఉంటారు. ఔను. పిల్లికి సూది పొడిచిన చోట ఏళ్ళ తరువాత ఒక రకం క్యాన్సర్ కణితి లేచే అవకాశమున్నదని 1991లోనే అమెరికాలోని పెన్సిల్వేనియా పశువైద్యులు గుర్తించారు. కుక్కకు ఇది దాదాపు రాదు, పిల్లి దేహం గుణం అటువంటిది. పదివేల పిల్లులకు ఒకటి మొదలు కొన్ని వరకు అని రకరకాల అంచనాలున్నాయి. అంటే చిప్ మీద మోపిన నేరం ఏదైతే ఉన్నదో, దానికి అంతకంటె బలమైన సాక్ష్యం రేబిస్ టీకా మీద, కొన్ని ఇతర టీకాల మీద ఉంది. అలాగని డాక్టర్లు టీకాలు మానేశారా? మానలేదు. రేబిస్ వచ్చిన పిల్లి బ్రతకదు, అది కరచిన మనిషికి జబ్బు బయటపడితే ఆ మనిషీ బ్రతకడు. పదివేలలో ఒకటి రెండు ఒక వైపు, తప్పని చావు మరొక వైపు. అక్కడి వైద్యులు చేసిన తెలివైన పని ఏమిటంటే, రేబిస్ టీకాను భుజాల నడుమ కాక వెనుక కాలి కింది భాగాన వేయడం మొదలుపెట్టారు. పొరబాటున కణితి వస్తే కాలు తీసైనా పిల్లిని బ్రతికించవచ్చునని.

కనుక చిప్ భుజాల నడుమ ఉంటే టీకాలు ఆ చోట వేయవద్దని అడగడం మంచిది. తరువాత కణితి వస్తే అది దేని వలన అనే సందేహం కూడా మిగలదు. నెలకొకసారి పిల్లిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని నిమురుతున్నప్పుడు ఆ చోట వ్రేళ్ళతో తడిమి చూడాలి. చిప్ తగిలితే కదిలే చిన్న గింజలా ఉంటుంది, అది మామూలే. గడ్డ ఏదైనా తగిలితే పశువైద్యులు చెప్పే కొలత ఒకటి ఉంది: సూది వేసిన మూడు నెలలకూ తగ్గకపోయినా, రెండు సెంటీమీటర్లు దాటినా, సూది వేసిన నెల తరువాత ఇంకా పెరుగుతున్నా వెంటనే చూపించాలి. మూడూ కలిసి ఉండనక్కర లేదు, ఒక్కటి చాలు. ఎదురు చూసే గడ్డ కాదది.

ఇంత చెప్పిన తరువాత మేలు ఎంతో చెప్పకపోతే న్యాయం కాదు. పిల్లి కుక్క వంటిది కాదు. పిల్లి ఏడు ఇళ్ళు తిరుగుతుందని మన పెద్దలు ఊరికే అనలేదు. తప్పిపోయిన కుక్కను చూసి "ఇది ఎవరిదో" అనుకుంటారు, తప్పిపోయిన పిల్లిని చూసి "ఇది ఎవరిదీ కాదు" అనుకుంటారు. ఇంగ్లాండులో వాహనం కుక్కను ఢీకొంటే పోలీసులకు చెప్పడం 1988 నాటి చట్టం ప్రకారం తప్పనిసరి, పిల్లిని ఢీకొంటే ఆ నియమం లేదు. దెబ్బ తిన్న పిల్లిని ఎవరో పుణ్యాత్ములు ఆసుపత్రికి తెచ్చినా, ఆపరేషన్ చేయమని చెప్పేవారు ఎవరు? దానికున్న పాత జబ్బులు చెప్పేవారెవరు? అప్పుడు ఆ 15 అంకెలు మాట్లాడతాయి. నేను దీనిని ఆరోగ్యపు మేలుగానే లెక్కిస్తాను.

అమెరికాలో ఓహియో స్టేట్ విశ్వవిద్యాలయం పశువైద్యులు 2009లో ఒక పరిశోధన ప్రకటించారు. 53 జంతు ఆశ్రయాలకు వచ్చిన, చిప్ ఉన్న 7,704 జంతువుల లెక్క తీశారు. ఆశ్రయాలకు చేరిన మొత్తం పిల్లులలో నూటికి 1.8 మాత్రమే సొంత ఇంటికి తిరిగి వెళ్ళాయి. చిప్ ఉన్న పిల్లులలో నూటికి 38.5 వెళ్ళాయి. ఇరవై రెట్లు! అయితే చిప్ పెట్టించే యజమాని తప్పిపోయినప్పుడు వీధి వీధి వెతికే రకం కూడా అయి ఉంటాడు గనుక ఆ తేడా అంతా చిప్ ఘనతే అనుకోకూడదు. వీధుల వెంట బ్రతికే పిల్లులు కూడా ఆ మొత్తంలో కలిసి ఉంటాయి.

మరి చిప్ ఉండి కూడా ఇల్లు చేరనివాటి సంగతి? యజమాని దొరకకపోవడానికి వారు చూసిన కారణాలలో అన్నిటికంటె పెద్దది రిజిస్టరులో ఫోన్ నంబరు తప్పుగా ఉండడం, లేదా ఆ నంబరు పని చేయకపోవడం. మూడవ వంతుకు పైగా అదే. నేను ముందే గుర్తుంచుకోమన్నది ఈ సంగతే. చిప్ పిల్లిని కాపాడదు, రిజిస్టరులోని ఫోన్ నంబరు కాపాడుతుంది. విదేశాలలో ఉన్న మన పిల్లలు ఏడాదికొక ఇల్లు, రెండేళ్ళకొక ఊరు, ఉద్యోగం మారితే ఫోన్ కూడా మారుస్తూ ఉంటారు. వీసా కాగితాలలో చిరునామా మార్చడం మరువరు, పిల్లి రిజిస్టరు ఎవరికి గుర్తుంటుంది? అంతేకాదు, ఇంగ్లాండులో ఆ రిజిస్టరు ఒక్కటి కాదు. 2024లో చట్టం అమలుకు వచ్చేనాటికి వేరు వేరు సంస్థలు నడిపేవి ఇరవైకి పైగా ఉన్నాయి. తమ పిల్లి ఏ రిజిస్టరులో ఉన్నదో ఆ సంస్థ పేరు, 15 అంకెల సంఖ్య ఒక కాగితం మీద వ్రాసి పాస్‌పోర్టుల దగ్గర పెట్టుకోమని మీ అమ్మాయితో చెప్పండి. పెంచుకున్నవారి దగ్గర నుండి పిల్లిని తెచ్చుకుని ఉంటే అది ఇంకా వారి పేరనే ఉన్నదేమో చూసుకోవాలి.

మరొక చిన్న మేలు. ఇద్దరు ముగ్గురు పిల్లులున్న ఇంట్లో ఒకదానికి మూత్రపిండాల జబ్బు ఉండి పథ్యం పెడుతుంటే, మరొకటి వచ్చి అది తినిపోతుంది. చిప్ సంఖ్యను గుర్తుపట్టి ఆ పిల్లికే మూత తెరుచుకునే గిన్నెలు అక్కడ అమ్ముతున్నారు. అటువంటి తలుపులు కూడా ఉన్నాయి, వీధి పిల్లి లోనికి రాకుండా. మనకు వింతగా ఉంటుంది గాని పథ్యం పిల్లికి అది మందుతో సమానం.

ఇక్కడి నుండి పిల్లిని వెంట తీసుకువెళ్ళే ఆలోచనలో ఉన్న కుటుంబాలు ఒక సంగతి ముందే తెలుసుకోవాలి. బ్రిటన్‌కు గాని ఐరోపా దేశాలకు గాని మన దేశం నుండి పిల్లి వెళ్ళాలంటే ముందు చిప్, తరువాతే రేబిస్ టీకా. చిప్ లేకుండా వేసిన టీకాను వారు లెక్కలోకి తీసుకోరు, మళ్ళీ వేయించాలి. టీకా నాటికి పిల్లికి 12 వారాలు నిండి ఉండాలి. టీకా తరువాత 30 రోజులకు రక్తం తీసి వారు ఒప్పుకున్న పరీక్షశాలకు పంపాలి. ఫలితం సరిపోతే, రక్తం తీసిన రోజు నుండి మూడు నెలలు ఆగాలి. మొత్తం మీద నాలుగు నెలలకు తక్కువ కాదు. వరుస తప్పితే పిల్లికి అనవసరంగా ఇంకొక సూది, ఇంటివారికి ఇంకొన్ని నెలల ఆలస్యం. టిక్కెట్టు కొన్న తరువాత పశువుల ఆసుపత్రికి పరుగెత్తేవారికి ఇది కష్టం తెచ్చిపెడుతుంది.

ఇక మన ఊరి పిల్లి. ఎలుకల కొరకు, పాప ముచ్చట కొరకు పెంచుకునే పిల్లికి మనం కూడా చిప్ పెట్టించాలా అని ఈ పుట చదివి ఎవరైనా అడుగుతారని నాకు తెలుసు. నా అభిప్రాయం, అక్కరలేదు. చిప్ ఉన్న పిల్లి పక్క ఊళ్ళో దొరికితే స్కానర్ పట్టి చదివేవారెవరు? ఏ రిజిస్టరులో వెతుకుతారు? చదివేవారు లేని చోట అది చర్మం కింద గాజు ముక్క మాత్రమే. పెద్ద పట్టణాలలో ఉండి, ఖరీదైన జాతి పిల్లిని పెంచేవారు, విదేశం వెళ్ళేవారు పెట్టించుకుంటే అది వేరు.

ఆ డబ్బును మన పల్లెలో ఖర్చు పెట్టవలసిన చోటు రేబిస్ టీకా. మనుష్యులకు ఈ జబ్బు నూటికి 99 వంతులు కుక్కల వలననే వస్తుంది, నిజమే. గాని పిచ్చికుక్క కరచిన పిల్లి ఇంట్లోకి వస్తుంది, పొయ్యి పక్కన పడుకుంటుంది, పిల్లల చేతుల్లో ఉంటుంది. కుక్క కరిస్తే ఆసుపత్రికి పరుగెత్తే మనం, పిల్లి రక్కితే పసుపు రాసి ఊరుకుంటాము. పిల్లి కరచినా, రక్కి రక్తం వచ్చినా సబ్బుతో, ధారగా పోసే నీటితో పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళాలి. అక్కడ డాక్టరు చెప్పిన టీకాలన్నీ వరుస తప్పకుండా పూర్తి చేయాలి. మధ్యలో బాగున్నాం గదా అని మానరాదు.

పిల్లికి మూడు నెలలు నిండిన తరువాత మొదటి టీకా, తరువాత ఏటా ఒకటి. లూయీ పాశ్చర్ 1885 జులై 6న ఒక బాలునికి మొట్టమొదటి రేబిస్ టీకా వేశాడు. ఆ తేదీ గుర్తుగా ఏటా జులై 6న చాలా పశువుల ఆసుపత్రులలో కుక్కలకు, పిల్లులకు ఉచితంగా ఈ టీకా వేస్తారు. మీ మండలంలో వేస్తున్నారో లేదో జూన్ నెలలోనే వెళ్ళి అడగండి. పిల్లిని చంకలో పెట్టుకుని బస్సెక్కవద్దు. కుక్కల మధ్య అది బెదిరి రక్కుతుంది, పారిపోతుంది. మూత ఉన్న బుట్టలోనో, గాలి ఆడే చిన్న కన్నాలు చేసిన అట్టపెట్టెలోనో పాత చీర ముక్క పరచి తీసుకువెళ్ళండి. టీకా వేసిన తేదీ ఇంటి కాలెండరు మీద వ్రాసుకోండి.